రెండో ఆట, అయిదో ఆట: మిల్వాకీ నుంచి గ్రీన్ బే దాకా అయిదు రోజులు

మొదటి రోజు, ఆదివారం

చికాగోలో దిగి, తమ్ముడి కారులో గంటన్నర ఉత్తరానికి వస్తే విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ. వాడి ఇల్లు ఊరికి పడమటి పక్కన బ్రూక్‌ఫీల్డ్‌లో. మే నెల సగానికి వస్తున్నా సాయంత్రం స్వెట్టర్ లేనిదే బయటికి రాలేకపోయాను. అన్నం తింటుండగా మరదలు, "నయాగరా వెళ్దామా వదినా, చికాగో చూద్దామా?" అని అడిగింది. రెండూ వద్దన్నాను. గ్రీన్ బే ప్యాకర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు మిల్వాకీలో ఆడిన మైదానాలన్నీ చూడాలి, ఆ తర్వాత గ్రీన్ బే వెళ్లాలి అన్నాను. తమ్ముడు ముద్ద కలపడం ఆపి నావైపు చూశాడు. "నీకు ఈ ఫుట్‌బాల్ తెలుసా అక్కా?" అన్నాడు.

ఆట నాకు అంతగా తెలియదు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డులా ఉండే బంతి, హెల్మెట్లు, పదకొండు మందికి పదకొండు మంది ఒకరినొకరు ఢీకొట్టడం. నాకు తెలిసింది మా గచ్చిబౌలి ఫుట్‌బాల్. 2019 నవంబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ సొంతగడ్డ మీద మొదటి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మ్యాచ్ ఆడినప్పుడు మా అబ్బాయిని తీసుకెళ్లాను. పసుపు జెర్సీ కొనిచ్చాను. మరుసటి ఏడాది కోవిడ్. వరుసగా రెండు సీజన్లు లీగ్ మొత్తాన్నీ గోవాలోనే ఆడించారు. పట్టికలో 'హోమ్' అని మా ఊరి జట్టు పేరే ఉండేది, ఆట మాత్రం గోవాలో, ఖాళీ గ్యాలరీల మధ్య. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఫైనల్ ఆడారు. 1-1 తర్వాత పెనాల్టీల్లో 3-1తో గెలిచి మనవాళ్లు ఛాంపియన్లయ్యారు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. ఆ రాత్రి మా హాల్లో నేనూ మా అబ్బాయీ పట్టుకుని ఏడ్చాం. మా జట్టు సాధించిన అతి పెద్ద గెలుపును మేం టీవీలోనే చూశాం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. మావాడు జెర్సీ మడతపెట్టి బీరువాలో పై అరలో పెట్టాడు.

తర్వాత కొన్నాళ్లకు వాడే ఎక్కడో చదివి చెప్పాడు: "అమ్మా, అమెరికాలో ఒక జట్టు అరవై ఏళ్లకు పైగా రెండు ఊళ్లలో సొంత మ్యాచ్‌లు ఆడిందట. ఒక ఊరిని వదిలేసి ముప్పై ఏళ్లు దాటింది. ఆ ఊరివాళ్ల సీట్లు మాత్రం ఇంకా వాళ్లవేనట." తమ్ముడున్న ఊరే ఆ ఊరు. అందుకే వచ్చాను.

ఇదంతా విని తమ్ముడు, "అయితే నువ్వు కలవాల్సింది మా పక్కింటాయన్ని" అన్నాడు.

రెండో రోజు, సోమవారం

తమ్ముడు సెలవు పెట్టాడు. మైదానాలను వరుసలో, ప్యాకర్స్ ఆడిన క్రమంలోనే చూద్దామన్నాను.

మొదటిది బోర్చర్ట్ ఫీల్డ్. నగరానికి ఉత్తరాన ఏడో వీధికీ ఎనిమిదో వీధికీ మధ్య, ఇళ్ల నడుమ ఇరికించి కట్టిన చెక్క బేస్‌బాల్ స్టేడియం అది. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. 1950ల్లో పడగొట్టారు, తర్వాత దాని మీదుగా ఐ-43 హైవే వేశారు. పక్క వీధిలో కారు ఆపి కంచె దగ్గర నిలబడ్డాం. కింద లారీలు హోరుమని పోతున్నాయి. రేపు మేం గ్రీన్ బేకి వెళ్లే రోడ్డు అదే. మిల్వాకీలో ప్యాకర్స్ మొదటి మైదానం మీదుగానే వాళ్ల ఊరికి దారి పోతోందని తెలిసేసరికి ఒళ్లు జలదరించింది.

1933 అక్టోబర్ 1న ఇక్కడ న్యూయార్క్ జెయింట్స్‌తో ఆడి 10-7తో ఓడారు. ఆడింది మాత్రం డబ్బు కోసమే. గ్రీన్ బే చాలా చిన్న ఊరు. మహా మాంద్యం రోజులు. దానికి తోడు 1931లో ఒక ప్రేక్షకుడు గ్యాలరీ మీంచి పడి, జట్టు మీద కోర్టుకెక్కి గెలిచాడు. బీమా చేసిన కంపెనీ దివాలా తీయడంతో పరిహారం భారం జట్టు మీదే పడింది. 1933లో కోర్టు ఆ జట్టు ఆస్తులను తను నియమించిన అధికారి (రిసీవర్) చేతిలో పెట్టింది. ప్యాకర్స్ ఆడే జాతీయ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని చిన్న ఊళ్ల జట్లన్నీ ఒక్కొక్కటిగా మూతపడుతున్న కాలం అది. గ్రీన్ బే బతకాలంటే పెద్ద నగరం జనం కావాలి. అలా మొదలైంది. ఏటా రెండో మూడో సొంత మ్యాచ్‌లు మిల్వాకీకి.

రెండోది వెస్ట్ ఆలిస్‌లో స్టేట్ ఫెయిర్ పార్క్. 1934 నుంచి 1951 దాకా ఇక్కడే. ఇది నిజానికి కార్ల రేసుల ట్రాక్, మైలు పొడవు. ట్రాక్ ఇప్పటికీ ఉంది. ఆ ట్రాక్ లోపలి ఖాళీలో ఫుట్‌బాల్ మైదానం గీసేవాళ్లు. పాడికి పేరున్న రాష్ట్రం కాబట్టి దానికి డెయిరీ బౌల్ అని పేరు. 1939 డిసెంబర్‌లో లీగ్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ఇక్కడే జరిగింది. ప్యాకర్స్ అదే జెయింట్స్‌ని 27-0తో ఓడించారు. గ్రీన్ బే మైదానం చాలదని ఆ మ్యాచ్‌ని ఇక్కడికి తెచ్చారు. ముప్పై రెండు వేల మందికి పైగా వచ్చారట. నాకు ఆ గెలుపు కంటే ఆ రోజు గ్రీన్ బేలో రేడియో ముందు కూర్చున్న కుటుంబాలే కళ్లముందు కదిలాయి. తమ జట్టు ఛాంపియన్ అవుతోంది, అదీ సొంత మ్యాచ్‌లో, ఇంకో ఊళ్లో. ఆ బాధ నాకు తెలుసు.

1952 ఒక్క ఏడాది మార్క్వెట్ స్టేడియంలో ఆడారు. అదిప్పుడు లేదు. అటు వెళ్లలేదు.

సాయంత్రం నాలుగింటికి పక్కింటాయన తన కారులో వచ్చి మమ్మల్ని కలుసుకున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, నడకలో కాస్త కుంటు. అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్ అనే కొత్త బేస్‌బాల్ స్టేడియం ముందు పార్కింగ్ స్థలం ఎకరాల కొద్దీ ఉంది. దాని నడుమ పిల్లలాడుకునే చిన్న బేస్‌బాల్ మైదానం, హెల్ఫేర్ ఫీల్డ్. 1953 నుంచి 1994 దాకా ప్యాకర్స్ ఆడిన మిల్వాకీ కౌంటీ స్టేడియం ఉన్న చోటు అదే. 2001లో దాన్ని కూల్చేశారు.

ఆయన కంచె పట్టుకుని వేలితో గాలిలో గీతలు గీస్తూ చూపించారు. అసలు అది బేస్‌బాల్ కోసం కట్టింది. ఫుట్‌బాల్ మైదానం అందులో అతికష్టం మీద పట్టేది. ఒక చివర ఎండ్ జోన్ (పాయింట్ల కోసం బంతిని చేర్చాల్సిన పట్టీ) గోడ దాకా పోయేది. రెండు జట్లూ ఒకే పక్కన నిలబడాల్సి వచ్చేది, మధ్యలో ఒక టేపు గుర్తు. "మా నాన్న సీటు ఆ వైపు. మాకు అవతలి జట్టు వాళ్ల తిట్లు కూడా వినిపించేవి" అన్నారు. చెబుతున్నంతసేపూ ఆయన ముఖం వెలిగిపోతోంది.

1967 డిసెంబర్ 23న ఇక్కడ లాస్ ఏంజెలిస్ రామ్స్‌ని 28-7తో ఓడించారు. సరిగ్గా ఎనిమిది రోజులకు గ్రీన్ బేలో డల్లాస్ కౌబాయ్స్‌తో ఆడిన ఆట 'ఐస్ బౌల్' అని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. సున్నాకు ఇరవై అయిదు డిగ్రీలు కింద, 21-17తో గెలుపు. "అందరికీ ఆ ఆటే గుర్తు. దానికి ముందు మెట్టు మేం వేశాం" అన్నారాయన. 'మేం' అన్న మాట ఆయన నొక్కి పలికారు.

ఇక 1994 డిసెంబర్ 18. ఇక్కడ చివరి ఆట, అట్లాంటా ఫాల్కన్స్‌తో. ప్యాకర్స్ వెనకబడి ఉన్నారు, టైమ్ అవుట్లు అయిపోయాయి. బంతి విసిరే ఆటగాడు బ్రెట్ ఫార్వ్, అందుకునేవాళ్లెవరూ దొరక్క తొమ్మిది గజాలు తనే పరుగెత్తి ఎండ్ జోన్‌లోకి దూకాడు. అప్పటికి మిగిలింది పద్నాలుగు సెకన్లు. 21-17. పక్కింటాయన పక్కనే వాళ్ల నాన్నగారు ఉన్నారట. స్టేడియమంతా ఎగురుతుంటే ఆ పెద్దాయన కదల్లేదట. ఖాళీ అయ్యేదాకా కూర్చుని, లేచేటప్పుడు సీటు చెక్కని ఒకసారి తట్టి వచ్చారట.

"మరి ఆ తర్వాత?" అన్నాను.

"తర్వాత ఏడాది ప్యాకర్స్ నుంచి కవరు వచ్చింది. గ్రీన్ బే టికెట్లు. మా సీట్లు పోలేదమ్మా. దారి పెరిగింది, అంతే."

తమ్ముడు తెలుగులో చెప్పిన మాట అది. ఆయన ఇంగ్లీషులో ఏమన్నారో నాకు అర్థమైంది గానీ, వాడు చెప్పిన తీరే మనసులో ఉండిపోయింది.

ఆ ఏర్పాటు ఆయన విడమరిచి చెప్పారు. అప్పటి అధ్యక్షుడు బాబ్ హార్లన్. గ్రీన్ బే స్టేడియంలో బాక్సులు, ఖరీదైన సీట్లు పెరిగాక మిల్వాకీలో ఆడిన ప్రతి ఆటకూ జట్టు ఆదాయం తగ్గిపోతోంది. రావడం ఆపక తప్పలేదు. కానీ ఆటల్ని మాత్రమే తీసుకుపోలేదు, ఆ ఆటల్ని చూసే మనుషుల్నీ వాటితో పాటే తీసుకుపోయారు. మిల్వాకీ సీజన్ టికెట్లున్న వాళ్లకు 'గోల్డ్' ప్యాకేజీ: సీజన్‌కు ముందు జరిగే ఆట ఒకటి, సీజన్‌లో రెండో సొంత మ్యాచ్, అయిదో సొంత మ్యాచ్. మిగిలినవి గ్రీన్ బే వాళ్లకు, 'గ్రీన్' ప్యాకేజీ. ఎవరి వాటా వాళ్లకు ఉంది. ఇప్పుడు సీజన్ టికెట్ కోసం ఎదురుచూసే జాబితాలో లక్షకు పైగా పేర్లున్నాయి. వాళ్లకు అమ్ముకుంటే ఒక్క రోజులో అమ్ముడైపోతాయి. అయినా ఆ కాగితం మీది మాట ముప్పై ఏళ్లు దాటినా నిలబడింది.

రాత్రి మా అబ్బాయికి వీడియో కాల్‌లో ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు.

మూడో రోజు, మంగళవారం

పొద్దున్నే మరదలు పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దింది. ఐ-43 ఎక్కాం. నిన్న కంచె దగ్గర నిలబడి చూసిన చోటు కింద నుంచే వెళ్లాం. మిల్వాకీ నుంచి గ్రీన్ బేకి సుమారు 190 కిలోమీటర్లు, రెండు గంటల దారి. విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్లినదానికి కాస్త ఎక్కువ.

కుడి పక్కన మిషిగన్ సరస్సు చెట్ల సందుల్లోంచి కనబడుతూ మాయమవుతూ ఉంటుంది. సరస్సు అంటారు గానీ అవతలి ఒడ్డు కనబడదు, మన బీచ్‌లో నిలబడ్డట్టే ఉంటుంది. షెబోయ్‌గన్ దగ్గర ఆగి ఒడ్డున పులిహోర తిన్నాం. గాలి కోసేస్తోంది. అక్కడే ఒక దుకాణంలో చీజ్ కర్డ్స్ కొన్నాం. ఆ రోజు చేసినవైతే నమిలేటప్పుడు పళ్ల మధ్య కీచుమంటాయి. నిజంగానే కీచుమన్నాయి.

ఈ దారిలోనే ఏటా రెండు మూడు సార్లు పక్కింటాయన తండ్రితో వెళ్లేవారు. తండ్రి పోయాక కొడుకుతో. ఇప్పుడు మనవరాలితో. నవంబర్‌లో ఇదే రోడ్డు మీద మంచు ఉంటుంది. తెల్లవారకముందే బయలుదేరాలి. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు ఏమాత్రం లేదు.

మధ్యాహ్నానికి గ్రీన్ బే చేరాం. 2020 లెక్కల ప్రకారం జనాభా లక్షా ఏడు వేలు. మన తాడేపల్లిగూడెం అంత ఊరు. అలాంటి ఊరికి న్యూయార్క్, చికాగో, లాస్ ఏంజెలిస్‌లతో సమానంగా ఆడే జట్టు ఉంది. 1919లో కర్లీ లాంబో, జార్జ్ కాల్హూన్ కలిసి పెట్టారు. మాంసం డబ్బాల్లో నింపే కంపెనీ ఒకటి జెర్సీలకు డబ్బిచ్చింది కాబట్టి ప్యాకర్స్ అన్న పేరు. ఈ జట్టుకు ఒక్కడే యజమాని అంటూ లేడు. 1923 నుంచి కష్టం వచ్చినప్పుడల్లా జనానికి షేర్లు అమ్మారు. ఇవాళ అయిదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. లాభం పంచరు, షేరు బయట అమ్ముకోవడానికి లేదు. గోడకు ఫ్రేమ్ కట్టించి తగిలించుకోవడానికే కొంటారు. దీన్ని వేరే ఊరికి తీసుకుపోయే ఒక్క చేయి ఎక్కడా లేదు. ఈ సంగతి మా అబ్బాయికి తప్పకుండా చెప్పాలి అనుకున్నాను.

ముందు ఈస్ట్ హైస్కూల్‌కి వెళ్లాం. దాని వెనక ఉన్న సిటీ స్టేడియంలోనే 1925 నుంచి 1956 దాకా ప్యాకర్స్ ఆడారు. ఇప్పుడది బడి మైదానమే. ప్యాకర్స్ బడి గదుల్లోనే బట్టలు మార్చుకునేవారు. అవతలి జట్లు చాలాసార్లు హోటల్‌లోనే తయారై వచ్చేవి. మేం వెళ్లేసరికి పిల్లలు పరుగు పందేలు ప్రాక్టీసు చేస్తున్నారు. తమ్ముడు ఫొటోలు తీస్తుంటే నేను మెట్ల మీద కూర్చున్నాను.

ఈ జట్టు మిల్వాకీకి పూర్తిగా వెళ్లిపోయే ప్రమాదం ఎప్పుడొచ్చిందో ఇక్కడ కూర్చుంటే తెలుస్తుంది. 1953లో మిల్వాకీలో కొత్త కౌంటీ స్టేడియం వచ్చింది, ఇక్కడ పాతబడిన పాతిక వేల సీట్లు. లీగ్‌లోని మిగతా జట్లకు ఇంత చిన్న మైదానానికి రావడం గిట్టుబాటు కావడం లేదు. కొత్త స్టేడియం కట్టకపోతే మిల్వాకీకి మకాం మార్చాల్సిందే అన్న ఒత్తిడి. 1956 ఏప్రిల్ 3న ఊళ్లో ఓటింగ్ పెట్టారు, అప్పు తెచ్చి స్టేడియం కట్టాలా వద్దా అని. ఆ ప్రచారానికి చికాగో బేర్స్ యజమాని జార్జ్ హాలస్ వచ్చాడు. ప్యాకర్స్‌కి బద్ధ శత్రువు ఆయన. గ్రీన్ బే వాళ్ల ముందు నిలబడి మీ జట్టు మీ ఊళ్లోనే ఉండాలని మాట్లాడాడు. వద్దన్న ఓట్లకు రెట్టింపు కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. మరుసటి ఏడాదే స్టేడియం లేచింది. అందులో మొదటి ఆట బేర్స్‌తోనే. వాళ్లని 21-17తో ఓడించారు.

శత్రువు వచ్చి కాపాడిన మైదానం. ఈ కథ చెప్పేటప్పుడు తమ్ముడి గొంతు వణికింది. పదేళ్లుగా ఇక్కడున్నాడు, నాకెప్పుడూ చెప్పలేదు.

నాలుగో రోజు, బుధవారం

లాంబో ఫీల్డ్, 1957లో లేచిన ఆ స్టేడియమే. చుట్టూ మామూలు ఇళ్లు, పచ్చిక, బాస్కెట్‌బాల్ కడ్డీలు. ఆ ఇళ్ల నడుమ ఒక్కసారిగా 81 వేల పైచిలుకు మంది పట్టే కట్టడం. ఆటల రోజున ఈ ఇళ్లవాళ్లు తమ పెరట్లో కార్లు పెట్టుకోనిచ్చి డబ్బు తీసుకుంటారు. ఒక ఇంటావిడ మొక్కలకు నీళ్లు పోస్తూ మమ్మల్ని చూసి చేయి ఊపింది.

టికెట్లు కొని టూర్‌కి వెళ్లాం. గైడ్ ఆటగాళ్లు బయటికొచ్చే సొరంగంలో ఆపాడు. పాత సొరంగంలోని సిమెంటు పలకను తవ్వి తెచ్చి ఇక్కడ నేలలో పొదిగారు. 1960ల నాటి కోచ్ లాంబార్డీ కాలం నుంచి ప్రతి ఆటగాడూ దాని మీదుగా పరుగెత్తాడని చెప్పాడు. నేను చెప్పులు విప్పబోయాను. తమ్ముడు "అవసరం లేదక్కా" అన్నాడు. అయినా విప్పాను. గైడ్ ఏమీ అనలేదు.

లోపల మ్యూజియంలో నాలుగు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) ట్రోఫీలు వెండిలా మెరుస్తున్నాయి. మొత్తం పదమూడు లీగ్ టైటిళ్లు, మరే జట్టుకూ లేనన్ని. అక్కడ నేను ఎక్కువసేపు నిలబడలేదు. గ్యాలరీలోకి వెళ్లాను. చాలా వరకు కుర్చీలు కావు, పొడవాటి అల్యూమినియం బెంచీలు, వాటి మీద అంకెలు. పైకప్పు లేదు. పక్కింటాయన తన వరుస అంకె కాగితం మీద రాసిచ్చారు. టూర్‌లో అక్కడిదాకా వెళ్లనివ్వలేదు గానీ, కింది నుంచి చేయి చాపి తమ్ముడు చూపించాడు. బెంచీ చల్లగా ఉంటుంది, నవంబర్‌లో అట్ట ముక్క వేసుకుని కూర్చోవాలి అన్నారు ఆయన. నేను దగ్గరున్న బెంచీ మీద కూర్చుని చూశాను. మే నెలలోనే చల్లగా ఉంది.

ఒక సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. 2022 అక్టోబర్‌లో ప్యాకర్స్ ఒక సొంత మ్యాచ్‌ని లండన్‌లో ఆడారు, జెయింట్స్ చేతిలో 27-22తో ఓడారు. లండన్‌లో ఆడని జట్టు లీగ్‌లో అప్పటికి ఇదొక్కటే మిగిలింది. సీజన్‌లో ఆటలు పదిహేడుకు పెరగడంతో ఆ ఏడాది తొమ్మిదో సొంత మ్యాచ్ దొరికింది, దాన్ని పంపారు. గ్రీన్ బేలో ఎనిమిది ఆటలూ యథాతథంగా జరిగాయి. లెక్క ప్రకారం ఎవరికీ నష్టం లేదు. మిల్వాకీ ఆటలకు ఒక అవసరం ఉంది, ఊరు బతకడం. లండన్ ఆటకు ఉన్నది వ్యాపారం. రెండింటినీ ఒకే మాటతో 'హోమ్' అనడం నాకు ఒప్పదు. అక్కడి అభిమానులు ఆ రోజు సంబరపడి ఉంటారు, కాదనను. కానీ వాళ్లకు తర్వాతి ఏడాది కవరు రాదు కదా.

సాయంత్రం పార్కింగ్ స్థలంలో పెరుగన్నం తిన్నాం. ఆటల రోజున ఇక్కడే పొయ్యిలు వెలిగించి సాసేజీలు కాలుస్తారట. మా పక్కనే ఒక తండ్రి, చిన్న పాప బంతి విసురుకుంటున్నారు. బంతి మా కారు కిందికి దొర్లింది. తీసి ఇచ్చాను. ఆ కోడిగుడ్డు బంతిని పట్టుకోవడం అదే మొదటిసారి. తోలు గరుకుగా ఉంది, కుట్ల మీద వేళ్లు సరిగ్గా ఆనాయి.

అయిదో రోజు, గురువారం

పొద్దున్నే తిరుగు ప్రయాణం. దారిలో మాటలు తక్కువ. ప్యూవాకీలోని గుడికి వెళ్లి అర్చన చేయించుకున్నాం. వరుసలో మా ముందు పదేళ్ల కుర్రాడు, ముఖాన కుంకుమ బొట్టు, ఒంటి మీద ఆకుపచ్చ ప్యాకర్స్ జెర్సీ. వాళ్లమ్మతో తెలుగులో దెబ్బలాడుతున్నాడు.

రాత్రి ఎనిమిది దాటాక పక్కింటాయన మమ్మల్ని వాళ్ల వంటింట్లోకి పిలిచారు. ఆ సాయంత్రమే కొత్త సీజన్ ఆటల పట్టిక వచ్చింది. బల్ల మీద క్యాలెండర్ పరిచి, పక్కన పెన్సిల్ పెట్టుకుని కూర్చున్నారు. మనవరాలు ఫోన్ స్పీకర్లో ఉంది. ఇప్పుడు మినియాపొలిస్‌లో ఉద్యోగం. అక్కడి నుంచి గ్రీన్ బేకి నాలుగున్నర గంటల పైమాటే. ఈ ఏడాది టికెట్లు ఆమె పేరు మీదికి మార్చే కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి, ఇంకా సంతకం పెట్టలేదు.

"చదువు" అన్నారు. ఆమె పట్టికలోంచి సొంత మ్యాచ్‌లు వరుసగా చదువుతుంటే ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. రెండోది రాగానే ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీత గీశారు. అయిదోది వచ్చేసరికి పెన్సిల్ ముక్కు విరిగింది. తమ్ముడు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.